సిలికా జెల్

మే నెల జీతం లేదు.
క్లాసులు లేవు కాబట్టి గంటలు లేవు,
గంటలు లేవు కాబట్టి కాగితం మీద నేను లేను.
ల్యాబు తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంది.

పెదవాల్తేరులో బస్సు దిగి నడుస్తుంటే
సముద్రం కంటికి కనపడకముందే
ఒంటికి తగులుతుంది.
గాలి ఉప్పేదో చెమట ఉప్పేదో
నాలిక్కి కూడా తెలీదు.

ఈ ఊళ్లో కటకాలకి బూజు పడుతుంది.
రెండు వారాలు మరిచిపోతే చాలు
గాజు లోపల తెల్లటి దారాలు పాకుతాయి.
పదిహేడు మైక్రోస్కోపులు,
బీరువా అడుగున గిన్నెల్లో సిలికా జెల్.
నీలంగా ఉన్నంతకాలం తేమ తాగుతుంది,
తాగి తాగి గులాబీ రంగుకి తిరిగిందంటే
ఇక దాని వల్ల కాదని.

కొత్తది కొనమని ఇండెంటు పెట్టి రెండేళ్లు.
అందాకా ఇంటికి పట్టుకుపోయి
వంటకి వాడని పాత మూకుట్లో
కిటికీ తెరిచి, సన్నని సెగ మీద వేయిస్తాను.
"ఏటి వండుతున్నావే" అంటుంది పక్కవాటా సూరీడమ్మ.
యూనివర్సిటీ వంట, అంటాను.

పదకొండేళ్లు.
గంటకింత, వారానికి పదహారు గంటలు మించకుండా.
పదిహేడో గంటలో ఎవరైనా డౌటు అడిగితే
అది నా సొంత ఖర్చు.
అటెండరు మైలపల్లి ఎల్లాజీకి నాకన్నా రెట్టింపు జీతం.
సిగ్గు మాత్రం ఆయనకి;
టీ డబ్బులు ఒక్కరోజూ నన్నివ్వనివ్వడు.

భీమిలి అవతల సముద్రం అడుగునుంచి తెచ్చిన బురద
కడిగి, ఆరబెట్టి, జల్లించి,
ఇసుకరేణువంతేసి గుల్లల్ని
తడి కుంచె మొనతో ఒక్కొక్కటీ ఏరాను.
నలభై వేల పైచిలుకు.
కుడికన్ను అక్కడే కొంత వదిలేశాను.
పేపరు అచ్చయింది.
మొదటి పేరు ప్రొఫెసరు గారిది,
రెండోది వారి అల్లుడిది
(ఆయన బురద చూశాడు, ఫొటోలో).
చివరి పేజీలో, డబ్బిచ్చిన శాఖ కింద,
పడవ అద్దెకిచ్చినవాళ్లకి కాస్త పైన:
సహకరించిన శ్రీమతి ఎమ్. హైమావతికి కృతజ్ఞతలు.
మా ఇంటిపేరు నడిపిల్లి.
ఎమ్ ఎవరో నాకు తెలీదు.

పర్మనెంటు పోస్టుల నోటిఫికేషను మూడుసార్లొచ్చి
మూడుసార్లూ కోర్టు మెట్ల మీద కూలబడింది.
నాలుగోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను.
"మీ పేరుతో అచ్చయినవి చూపించండి."
ఆ లెక్కంతా నాదేనండీ.
"రుజువు?"
కన్ను చూపిద్దామనుకుని
చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లి
ఆగింది.
బయట వరండాలో నా తర్వాతి అభ్యర్థి
నా పాత స్టూడెంటు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.
బాగా చెయ్యి నాన్నా, అన్నాను. నిజంగానే అన్నాను.

పెదజాలరిపేట నుంచి నడిచొస్తుంది
వాసుపల్లి నూకరత్నం.
వాళ్లమ్మ చేపల బుట్ట దించే వేళకి
ఈ పిల్ల మొదటి బెంచీలో ఉంటుంది.
మొదటిసారి మైక్రోస్కోపులోంచి తలెత్తి
"వీటి మీదేనా మేడమ్, రోజూ మేం నడిసీది" అంది.
అలాంటి వాక్యం నా థీసిస్‌లో ఒక్కటీ లేదు.
మార్చిలో, పరీక్షల చివరి రోజు, గుమ్మంలో ఆగి
"నాను పీహెచ్‌డీ చేస్తే మీలాగైపోతానేటి మేడమ్?"
ఆ గొంతులో ఉన్నది ఆశో భయమో
ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.
గంట కొట్టారని చెప్పి తప్పించుకున్నాను.
గంట కొట్టలేదు.

ఇవాళ డబ్బాలో నీలం పూసలు వేసుకుని వచ్చేసరికి
ఎల్లాజీ తలుపు తీసే ఉంచాడు.
లోపల నూకరత్నం, చున్నీ నడుముకి చుట్టి
పొడిగుడ్డతో కటకాలు తుడుస్తోంది.
సెలవుల్లో నిన్నెవరు రమ్మన్నారు?
"మిమ్మల్ని రమ్మన్నారేటి?"

గిన్నెలు నింపాం. బీరువా మూశాం.
ఎల్లాజీ మూడు టీలు తెచ్చాడు.
అడుగున మిగిలిన బురద కొంత ఉంటే
పళ్లెంలో పరిచి కుంచె చేతికిచ్చాను.
వంగబోయింది. ఆగమన్నాను.
ముందు నోటుబుక్కు తియ్యి.
తేదీ వెయ్యి. నీ పేరు రాయి,
ఇంటిపేరుతో సహా, పొడి అక్షరాలు కాదు, పూర్తిగా.
లెక్క ఆ తర్వాత.

పెన్సిల్ తీసింది.
పెన్నుతో, అన్నాను.